తూర్పు ద్వారం గుండా లోపలికి రండి

రౌహెన్‌బ్రున్, ఆల్బ్ కొండలు
1928 నవంబరు, ఆదివారం ప్రార్థన కూటం ముగిశాక

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు రోజినెకు అన్న ఎబర్‌హార్ట్ రాయునది.

నువ్వు పంపిన వాగ్దానాల పెట్టె చేరింది. అమ్మమ్మ నాటి కార్డులు వేళ్ళ చెమటకి అరిగి పాత గుడ్డల్లా మెత్తబడ్డాయి, కొత్తవి కావాలని నేనే అడిగాను కదా. ఇవాళ కూటంలో అందరి ముందూ మూత తీశాను. ప్రతి కార్డు మీదా ఒక బైబిలు వాక్యం, మన పాత లిపిలో, తాతలు చదువుకున్న ముళ్ళ అక్షరాల్లో. క్రిస్టీనె అవ్వ ఒకటి తీసి గుండెకి హత్తుకుంది. "పట్నంలో ఉన్నా పిల్ల దారి తప్పలేదురా ఎబర్‌హార్ట్" అంది.

ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే పెట్టె అడుగు నుంచి నువ్వు మడిచి పెట్టిన పెద్ద కాగితం బయటపడింది. "మా ఫౌండ్రీ పోసిన కొత్త అచ్చు అక్షరం అన్నయ్యా, సగం నా చేత్తో గీసిందే, చూసి ఆశీర్వదించు" అని పక్కన నీ రాత.

ఆశీర్వదించనా? దేన్ని? తోక లేదు, కొస లేదు, పాదం లేదు. కంపాసుతో తిప్పిన చక్రాలు, స్కేలు పెట్టి నరికిన దుంగలు. ఒంటి మీద నూలుపోగు లేకుండా సిగ్గు విడిచి నిలబడ్డాయి. నేను నేతవాణ్ణి, బట్ట లేనివాళ్ళని చూస్తే నాకు కోపం. దూరా మైదానంలో నెబుకద్నెజరు నిలబెట్టిన ప్రతిమ కూడా ఇలాగే లావుగా, నున్నగా ఉండి ఉంటుంది. అందరూ దానికి సాగిలపడ్డారు, ముగ్గురు పడలేదు. నేను ఆ ముగ్గురి పక్షం. రొట్టెలు కాల్చే ష్వెంక్, బల్ల దగ్గర నా పక్కన కూర్చునే పెద్ద, కాగితం తిప్పి తిప్పి చూసి "అన్నా, ఇవి అక్షరాలా, బొగ్గు బస్తాలా?" అన్నాడు. కూటమంతా నవ్వింది. నవ్వనిచ్చాను.

మీ ఊళ్ళో ఆడపిల్లలు జుట్టు కత్తిరించుకుని బోసి మెడలతో తిరుగుతున్నారట. మీ అక్షరాలు అచ్చం వాళ్ళే. నీ జుట్టు ఎలా ఉంది? తిరుగు టపాలో రాయి.

ఈ ఏడు కిరసనాయిలు మంచిది రావడం లేదు. దీపాలన్నీ మసకే.

నీ అన్న
ఎబర్‌హార్ట్

•

ఫ్రాంక్‌ఫర్ట్
నవంబరు చివర

అన్నయ్యా,

నీ ఉత్తరం భోజనాల వేళ చదివాను, సూపు చల్లారిపోయింది. బొగ్గు బస్తాల మాట మా మేస్త్రికి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు. "మీ రొట్టెలాయన కన్ను మంచిది. లావు అక్షరం గీయడంలో కష్టమంతా అదే, బస్తా కాకుండా చూడటం" అన్నాడు.

నువ్వు కంపాసూ స్కేలూ అని తేలిగ్గా తీసేశావు. నేనూ చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. కంపాసుతో నిజమైన చక్రం గీసి నలుపు నింపి చూడు అన్నయ్యా, అది గుండ్రంగా కనిపించదు. మీదా కిందా ఉబ్బి, ఎవరో నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. అందుకే మీదా కిందా గీత కాస్త పలచన చేస్తాం, పక్కల మందం ఉంచుతాం. అప్పుడు గుండ్రంగా కనిపిస్తుంది. గుండ్రటి అక్షరం తిన్నటి అక్షరమంతే ఎత్తుంటే పొట్టిగా కనిపిస్తుంది, అందుకని గీత మీంచి వెంట్రుకవాసి పైకి పోనిస్తాం. అక్షరం పొట్ట దాని నిలువు కర్రని తాకే చోట సిరా చేరి మచ్చ కడుతుంది, అక్కడ లోపలికి చెక్కుతాం. ఆ ఒక్క చక్రం, 'ఓ' అనే అక్షరం, నా చేత మేస్త్రి వేసవంతా గీయించాడు. ఇప్పటికీ తలకెక్కలేదు నాకు: కొలతకి సరిగ్గా ఉన్నది కంటికి తప్పు, కంటికి సరిగ్గా ఉన్నది కొలతకి తప్పు.

ఇది పుస్తకాలకి కాదు. పేజీ నిండా వేస్తే కళ్ళు అలిసిపోతాయి. ఇది గోడలకి, స్టేషన్లకి, దుకాణాల మీద బోర్డులకి. వసంతంలో ఇక్కడ పెద్ద ప్రదర్శన జరుగుతుంది, ఆ భవనమంతటికీ ద్వారాల మీదా మెట్ల దగ్గరా పెట్టే బోర్డులు ఈ అక్షరంతోనే. వాటి నమూనాలు అట్టల మీద వేసి చూస్తున్నాం. నీ వాగ్దాన కార్డులు కోసింది కూడా ఆ మిగిలిన అట్టల్లోంచే, మంచి అట్ట. పరుగెత్తేవాడు సైతం చదివేలా పలకల మీద స్పష్టంగా రాయమని దేవుడు హబక్కూకుతో చెప్పలేదా? ఆ పలకల మీద ముళ్ళ అక్షరాలు ఉండి ఉంటాయంటావా?

నీ ఉత్తరంలో వరసలు కిందికి జారిపోతున్నాయి. రెండు చోట్ల మాట మీద మాట రాశావు. ఎందుకు?

చెల్లి
రోజినె

•

రౌహెన్‌బ్రున్
డిసెంబరు, మొదటి మంచు

రోజినెకు,

వాక్యం తీసి నా మీదికే విసురుతున్నావు. అరణ్యంలో సాతాను కూడా వాక్యమే తీశాడు. హబక్కూకు జోలికి రాకు, వాడు నావాడు.

నువ్వు చెప్పిన సంగతి పరీక్షించాను. నూలు పోగులు లెక్కపెట్టే ఇత్తడి భూతద్దం పెట్టి, పక్కన దారం పట్టి, నీ చక్రాన్ని కొలిచాను. పైన సన్నం, పక్కన మందం. చక్రం కాదు! చక్రం వేషం వేసుకున్న వేరే ఏదో! అంటే మీరు పట్నంలో అబద్ధాన్ని గీసి దానికి నిజం అని పేరు పెట్టి గోడలకి ఎక్కిస్తున్నారు. దొంగ తూనిక, దొంగ కొలత దేవునికి హేయం అని సొలొమోను ఎప్పుడో చెప్పాడు. వచ్చే ఆదివారం దీని మీదే మాట్లాడతాను. గట్టిగా మాట్లాడతాను.

ఖండించాలంటే ముందు పూర్తిగా చూడాలి. అందుచేత కాపరి కీర్తన మొత్తం ఆ లావు అక్షరాల్లో అచ్చు వేసి పంపు. అక్షరం ఎంత పెద్దదైతే అంత మంచిది. ఎంత పెద్దదైతే తప్పు అంత బాగా కనిపిస్తుంది. వీలైతే యోహాను సువార్త మొదటి అధ్యాయం కూడా. ఖండించడానికే.

జుట్టు గురించి నువ్వు రాయలేదు.

ఎబర్‌హార్ట్

(కవరు అతికించే పని నాది. రోజినె, నేను మీ వదినని. ఆయనకి కనిపించడం లేదు. పంట కోతల నుంచీ. దీపం మసక అంటాడు, కిటికీ మురికి అంటాడు, రోజూ తుడుస్తున్నాను. మగ్గం మీద పోగు తెగితే వేలితో తడిమి వెతుకుతున్నాడు. కూటంలో పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతూ నోటికి వచ్చింది చెప్తాడు, అంతా ఆయనకి నోటికే కదా. ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. కూటం నడిపే ఆ కుర్చీ పోతే ఈ మనిషి ఏమవుతాడో అని నా భయం. చూసుకోకుండా కూర్చుంటే రెండు కళ్ళూ పోతాయని నీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చెప్పానని అనకు. బార్బరా)

•

ఫ్రాంక్‌ఫర్ట్
డిసెంబరు

అన్నయ్యా,

కీర్తన పంపుతున్నాను. గోడకి అంటించేంత పెద్దది.

టూబింగెన్‌లో కళ్ళ ఆసుపత్రి ఉంది. మబ్బు పట్టిన కంటిలోంచి ఆ మబ్బుని తీసేస్తారు. మా ఫౌండ్రీలో పోతపని చేసే ముసలాయన చేయించుకున్నాడు, మళ్ళీ సీసం ముక్కలు ఏరుతున్నాడు. నీకు పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే దూరం. నేను సెలవు పెట్టి వస్తాను.

ఎవరు చెప్పారని అడగకు. నీ చేతిరాతే చెప్పింది. గీత మీద నిలబడని అక్షరాన్ని చూడటమే ఇక్కడ నా ఉద్యోగం.

రోజినె

•

రౌహెన్‌బ్రున్
1929 జనవరి

రోజినెకు,

నీ కీర్తన గోడకి అంటించాను. ఖండించడం వాయిదా పడింది.

కంటి సంగతి. చేతిరాత చెప్పిందట! చేతిరాతకి నోరుందా? మీ వదినకి ఉంది. సరే. నేను మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు, నాలుగో రోజు ఉప్పు ఎక్కడుందో తెలియక మాట్లాడాను.

నేను వైద్యులకి వ్యతిరేకిని కాను. కానీ ఆసా రాజు జబ్బులో దేవుణ్ణి వదిలి వైద్యుల దగ్గరికి పోయి ఏమయ్యాడో నీకు తెలుసు. మన ఇంట్లో పెళ్ళికైనా, ఆవు కొనడానికైనా, నువ్వు ఆ ఊరు వెళ్ళడానికైనా పెట్టెలో చెయ్యి పెట్టకుండా అడుగు వేయలేదు. కాబట్టి నిన్న కూటంలో, దేని గురించో చెప్పకుండా, "ఒక ప్రయాణం విషయం ప్రభువుని అడుగుతున్నాను" అని చెయ్యి పెట్టాను.

ఈ మధ్య నేను తీసిన కార్డు ష్వెంక్ చేతికిచ్చి "నువ్వు చదువు, అందరికీ అలవాటు కావాలి" అంటున్నాను. నిన్నా ఇవ్వబోయాను. ఇవ్వబోతూ చూశాను. రోజినె, కార్డు మీద అక్షరాలు కనిపించాయి! నల్లగా, లావుగా, ఒక్కొక్కటీ మేకు కొట్టినట్టు. నీ అక్షరాలు. నాకోసం ఒక వాక్యం వాటితో వేయించి అందులో కలిపావన్నమాట. నిలబడి, ఎవరి సాయం లేకుండా, గొంతెత్తి చదివాను: "తూర్పు ద్వారం గుండా లోపలికి రండి."

పంట కోతల తరవాత కాగితం మీంచి నేను చదివిన మొదటి మాట అది. కూర్చున్నాక లోలోపల మళ్ళీ చదువుకున్నాను.

తరవాత గొడవ మొదలైంది. ష్వెంక్ అడిగాడు: "ఏ పుస్తకం, ఏ అధ్యాయం అన్నా?"

"వెతుకు" అన్నాను.

"కార్డు మీద లేదే."

"లేకపోతే వెతకాలనే!"

అందరూ పుస్తకాలు తెరిచారు. తూర్పు ద్వారమంటే యెహెజ్కేలే, ఇంకెవరు? కానీ యెహెజ్కేలులో ఆ ద్వారం మూసి ఉంటుంది. ప్రభువు దాని గుండా వెళ్ళాడు గనుక మనిషి ఎవడూ దానిలోంచి రాకూడదని ఉంది. కార్డేమో రమ్మంటోంది! క్రిస్టీనె అవ్వ "కొంచెం ముందుకి చదవండర్రా, విశ్రాంతి దినాన తెరుస్తారని ఉంది" అంది. చదివాం, ఉంది. అయితే ఆదివారమే ప్రయాణం చేయాలా? ఆదివారం ప్రయాణం పాపం కదా? ఒకరు తూర్పంటే యెరూషలేము అన్నారు, ఒకరు మరణం అన్నారు. అన్నం వేళ దాటిపోయింది, ఎవరికీ ఏమీ తేలలేదు.

నాకు ఒక్కటే తేలింది. టూబింగెన్ మనకి పడమర. కాబట్టి అటు కాదు.

నువ్వు ఆ వాక్యం ఎక్కడి నుంచి తీశావు? వెంటనే రాయి.

ఎబర్‌హార్ట్

•

ఫ్రాంక్‌ఫర్ట్
జనవరి

అన్నయ్యా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. మూడు చించేశాను.

ఆ కార్డు ఎక్కడిదో ఇప్పుడే చెప్పలేను. కార్డుల అచ్చు పని నా ఒక్కదాని చేతిలో లేదు. కనుక్కుంటాను. కానీ తూర్పు అన్నంత మాత్రాన పడమరకి వెళ్ళకూడదని ఎక్కడుంది? యోనాని తూర్పుకి పొమ్మంటే పడమరకి పారిపోయాడు, నిజమే, అది నీ పక్షాన ఉంది, ఆ మాట కొట్టేశాననుకో. నాకు నీలా వాక్యం పట్టుబడదు. నువ్వు లేచి చదివావని రాసిన చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆ కార్డుని పక్కన పెట్టు. దాని మీద ఏమీ కట్టకు. టూబింగెన్ వెళ్ళు.

ఇక్కడ బోర్డులు గోడలకి ఎక్కిస్తున్నారు. నా 'ఓ' మీద మేస్త్రి ఇవాళ కూడా తల అడ్డంగా ఊపాడు.

రోజినె

•

రౌహెన్‌బ్రున్
ఫిబ్రవరి, బావి గిలక గడ్డకట్టింది

రోజినెకు,

ఇలాంటి చలి క్రిస్టీనె అవ్వ కూడా ఎరగదట. అయినా పని పూర్తయింది. ఏ పని అంటావా? ద్వారం.

కూటం జరిగే మన పెద్దగదికి తూర్పు గోడలో ఒకప్పుడు తలుపు ఉండేది, తాత ఇటుకలతో మూసేశాడు, గుర్తుందా? మూసి ఉన్న తూర్పు ద్వారం! నా ఇంట్లోనే! కళ్ళ ముందు పెట్టుకుని యెరూషలేము దాకా వెతికాం. ష్వెంక్ గునపం పట్టాడు, కూటంలోని ఇద్దరు తమ్ముళ్ళు ఇటుకలు మోశారు, శనివారం మధ్యాహ్నానికి గోడ తెరుచుకుంది. అవతల మేకల దొడ్డి, దాని పక్కన పెంటకుప్ప.

క్రిస్టీనె అవ్వ గౌను ఎత్తి పట్టుకుని పెంటకుప్ప పక్కన నిలబడింది. "ఎబర్‌హార్ట్, ప్రభువు మహిమ మేకల దొడ్డిలోంచి వస్తుందట్రా?"

"బెత్లెహేములో ఎక్కణ్ణుంచి వచ్చిందవ్వా?" అన్నాను.

ఆవిడ గౌను అలాగే పట్టుకుని లోపలికి వచ్చింది. ఆవిడ కన్నా ముందు మన నల్ల మేక వచ్చింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆదివారం అందరూ కోట్లు విప్పకుండా కూర్చున్నారు. గాలికి కీర్తన కాగితం గోడ మీంచి ఊడి పోయింది. ష్వెంక్‌కి జలుబు చేసింది. రొట్టెల్లోకి తుమ్ముతున్నాడని ఊళ్ళో ఒకటే గోల. ఊరి తాపీమేస్త్రి ఏమో నేల కరిగేదాకా తలుపు పెట్టనంటాడు.

ఇక మీదటిది నీకు మాత్రమే. ఆ వేళ సూర్యుడు లేచి, మంచు మీద మెరిసి, ఆ ద్వారంలోంచి తిన్నగా నా ముఖం మీద పడ్డాడు. మహిమ అంటే ఇదే అనుకున్నాను. తరవాత అంతా పాలు. పాలల్లో మునిగినట్టు. కూటం లేదు, బల్ల లేదు. ఎదురుగా ఒక ఆకారం వస్తే "రా అవ్వా, కూర్చో" అన్నాను. అది ష్వెంక్. వచ్చి కూర్చున్నాడు. నేను చెప్పాల్సిన వాక్యం మధ్యలో మర్చిపోయాను. నేను! ఏలీ యాజకుడు కళ్ళు కనబడక ద్వారం పక్కన పీట మీంచి వెనక్కి పడ్డాడు. ఆ పీట నాకు కనిపిస్తోంది, అదొక్కటే కనిపిస్తోంది.

తూర్పు ద్వారం తెరిచాను, వచ్చాను. ఇప్పుడేం చేయాలి? ఆ వాక్యం ముందు ఏముంది, వెనక ఏముంది? రెండోసారి అడుగుతున్నాను. నీకు తెలిసి చెప్పడం లేదని నా అనుమానం. ఎందుకు?

ఎబర్‌హార్ట్

•

ఫ్రాంక్‌ఫర్ట్
ఫిబ్రవరి

అన్నయ్యా,

ముందు ఏముంది, వెనక ఏముంది అని అడిగావు. పార్సిల్‌లో పెట్టాను. అట్టలు వరసలో ఉన్నాయి, ఆ వరసలోనే చదువు. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. వదినని చదవనివ్వకు, నువ్వే చదవగలవు.

రోజినె

•

రౌహెన్‌బ్రున్
మార్చి, కరుగుతోంది

రోజినెకు,

చదివాను. "తూర్పు ద్వారం గుండా లోపలికి రండి." "కోట్లు, గొడుగులు ఇక్కడ ఇవ్వండి." "మెట్ల మీద ఆగవద్దు." "కుక్కలను లోపలికి తీసుకురావద్దు." "మగవారి మరుగుదొడ్డి కుడివైపు."

ఇది ఏ ప్రవక్త, రోజినె?

మొదట, దేవుడు క్షమించాలి, కోట్లు ఇవ్వండి అన్నదానికి వాక్యం వెతికాను. రెండు అంగీలు ఉన్నవాడు ఒకటి ఇవ్వాలన్న యోహాను గుర్తొచ్చాడు. కుక్కలు వెలుపల ఉంటాయని ప్రకటన గ్రంథంలో ఉంది! మరుగుదొడ్డి దగ్గర ఆగాను.  అప్పుడు అర్థమైంది. ప్రదర్శన బోర్డులు. నీ మిగిలిన అట్టలు.

ఆ రోజు నీ మీద ఎంత కోపం వచ్చిందో రాస్తే కాగితం కాలిపోతుంది. కళ్ళు కనబడని ఇస్సాకుని కొడుకు యాకోబు మోసం చేశాడు, మేక చర్మం కప్పుకుని. నాకు ఆ మేక కూడా కుదిరింది. ఒక బోర్డు ముక్క చూసి గోడ పగలగొట్టాను! అడిగితే కనుక్కుంటానంటావా? అన్నీ చదివి మీ వదిన పొయ్యి దగ్గర కూలబడి నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. "ఏం, అంత నవ్వొచ్చిందా?" అన్నాను. "నువ్వు అయిదూ చదివావయ్యా, అయిదూ" అంది. నాకప్పుడు తట్టింది. అవును. చదివాను.

ఆదివారం కూటంలో అట్టలన్నీ బల్ల మీద పరిచాను. దాచితే కుళ్ళుతుంది. ఇది వాక్యం కాదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక భవనం తలుపు మీది మాట అని చెప్పాను.  కళ్ళు కనబడటం లేదు, పేజీలు ఊరికే తిప్పుతున్నాను, ఈ కుర్చీ ఇంకొకరికి ఇవ్వండి అని కూడా చెప్పాను.

ష్వెంక్ ముక్కు చీదాడు. "తెలుసన్నా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"క్రిస్మసుకి ముందు అడ్వెంటు రోజుల్లో యెషయా చదువుతూ పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఒక్క మాటైనా తప్పు చదివితే కదా చెప్పడానికి."

క్రిస్టీనె అవ్వ వెనక నుంచి "నన్ను ష్వెంక్ అనుకున్నా పడేదాన్ని, ష్వెంక్‌ని నేననుకున్నావు, అదే బాధ" అంది. నవ్వారు. నాకు నవ్వాలో లేచిపోవాలో తెలియలేదు. వాళ్ళకి తెలుసట. అందరికీ తెలుసట. నేనొక్కణ్ణే గుడ్డివాడిలా కూర్చున్నాను.

తరవాత పెట్టె నా ముందుకి జరిపారు. మళ్ళీ అడుగు, ఈసారి సరిగ్గా వస్తుంది అన్నారు. చెయ్యి పెట్టాను. అట్టలు వేళ్ళకి తగిలాయి. ఏది తీసినా పాత లిపే, ఏది తీసినా నేను చదవలేను. వేరెవరో చదివిన జవాబు నాకు వద్దనిపించింది. చెయ్యి ఖాళీగా బయటికి తీశాను. నా బతుకులో మొదటిసారి. పెట్టె మూత మూశాను. 

నాకు ఏమీ తోచడం లేదు. వెళ్తే విశ్వాసం లేనివాణ్ణా, వెళ్ళకపోతే బుద్ధి లేనివాణ్ణా? పౌలు తన చేత్తో ఎంత పెద్ద అక్షరాలు రాశాడో చూడమని గలతీయులకి రాశాడు. ఎందుకు పెద్దవి? ఆయన కళ్ళు కూడా...? ఇన్నేళ్ళు ఆ మాట చదివాను, ఒక్కసారి అడగలేదు. అడిగితే నాకు తెలియదు అని వస్తోంది. ఆ జవాబు నాకు అలవాటు లేదు.

బుధవారం పాల బండి ఎక్కి టూబింగెన్ వెళ్తున్నాం. ఏ వాక్యం వెళ్ళమందని అడగకు. ఏదీ అనలేదు.

నిన్ను ఇంకా క్షమించలేదు. మేకలు ఇప్పుడు రోజూ ఆ ద్వారంలోంచే వస్తున్నాయి.

ఎబర్‌హార్ట్

•

టూబింగెన్, కళ్ళ ఆసుపత్రి
ఏప్రిల్

రోజినె,

ఇది మీ వదిన చేత్తో. మాటలు నావి, తప్పులు ఆమెవి. (తప్పులు కూడా ఆయనవే. బా.)

కుడి కన్ను కోశారు. రెండు కళ్ళకీ కట్టు. తల కదలకుండా అటొక ఇసుక సంచి, ఇటొక ఇసుక సంచి. తుమ్మకూడదు, దగ్గకూడదు, గొంతెత్తకూడదు. గొంతెత్తకూడదట, నన్ను! చూపు వస్తుందా అని డాక్టరుని అడిగితే "కట్టు విప్పాక చూద్దాం" అన్నాడు. ఎవరు చూస్తారు, నువ్వా నేనా అన్నాను. ఆయన నవ్వలేదు.

చీకట్లో పడుకుంటే ఒక సంగతి తట్టింది. కట్టు విప్పగానే ఇక్కడ రోగులని చూసుకునే డయాకొనెస్ అమ్మ నా ముందు వాక్యం పెడుతుంది. నేను గడగడా చదివేస్తాను. అందరూ స్తోత్రం అంటారు. కానీ అది చూసి చదివానో, నోటికి వచ్చి చదివానో ఎవరికి తెలుస్తుంది? నాకే తెలియదు. ఇన్నాళ్ళూ నన్ను నేను మోసం చేసుకున్నది అలాగే కదా.

అందుకని వాక్యం వద్దు. నువ్వొక అట్ట పంపు. నీ దగ్గరున్న అక్షరాల్లో అన్నిటికన్నా లావైనవి. ఏం వేస్తావో చెప్పకు, మీ వదినకి కూడా చెప్పకు. నాకు నోటికి రానిది ఏదైనా వేయి. దేవుడు నాతో ఎప్పుడూ అనని మాట.

జుట్టు గురించి అడగడం మానేశాను.

ఎబర్‌హార్ట్, బార్బరా చేత్తో

•

ఫ్రాంక్‌ఫర్ట్
ఏప్రిల్

అన్నయ్యా,

అట్ట ఈ కవరు లోపల ఇంకో కవరులో ఉంది, అతికించాను. వదినా, నువ్వు చూడకు.

ఏం వేయాలని మా గదిలో పెద్ద గొడవే జరిగింది. పోతపని ముసలాయన "మరుగుదొడ్డి కుడివైపు అనే వేయమ్మా, అవసరం పడుతుంది" అన్నాడు. మేస్త్రి నా పాత కాగితాలన్నీ తిరగేసి, ఒకటి బల్ల మీద పెట్టి, "ఇది" అన్నాడు. మొదటిసారి తల నిలువుగా ఊపాడు. అదే వేశాను.

ఆ తూర్పు ద్వారం కార్డు సంగతి అప్పుడే చెప్పాల్సింది. నువ్వు చదివానని రాశావు, ఆ సంతోషాన్ని నీ చేతిలోంచి లాక్కోలేకపోయాను. అది తప్పో కాదో ఇప్పటికీ తెలియడం లేదు.

జుట్టు కత్తిరించుకున్నాను. పోయిన ఎండాకాలం. కట్టు విప్పాక వస్తాను. చూసి తిట్టు.

రోజినె

•

టూబింగెన్
మే

చెల్లీ,

ఇది నా చేత్తోనే. ఒక్కో వరసకి అరపేజీ పడుతోంది, వరస జారితే నువ్వే సర్దుకో. కొత్త కళ్ళజోడు గుర్రపు గంతలంత బరువు.

డాక్టరు నిన్న కట్టు విప్పాడు. ముందు వెలుగు, తరవాత నీళ్ళు, తరవాత మీ వదిన ముక్కు. ఆమె కవరు చింపి అట్ట నా ముందు పట్టుకుంది, తను కళ్ళు గట్టిగా మూసుకుని. నువ్వు చూడొద్దన్నావని.

ఏదో ఉంది. నల్లగా, లావుగా. ఒక్కటే. బావి మూతా? మేక కన్నా? సున్నానా? ఏ వాక్యమూ నోటికి రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. డాక్టరు "ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు. తెలియడం లేదన్నాను. మీ వదిన కళ్ళు మూసుకునే ఏడవడం మొదలుపెట్టింది. "తెలియడం లేదుగానీ కనిపిస్తోందే!" అని గొంతెత్తాను. ఎత్తకూడదని ఆయన కసిరాడు.

తరవాత గుర్తుపట్టాను. మేస్త్రి వేసవంతా నీ చేత గీయించిన చక్రం. నేను దారం పెట్టి కొలిచి అబద్ధం అన్నది.

నూలు భూతద్దం నా కోటు జేబులోనే ఉంది. తీయలేదు.

గుండ్రంగా ఉంది రోజినె.

అన్నయ్య